డైరెక్టరుగారి గదిలో గాలి

మా ప్రాంతీయ పర్యావరణ శాఖ ఊళ్ళో గాలిని బాగుచేసేసిందని సోమవారం డైరెక్టరుగారు ప్రకటించారు. ప్రకటన కాపీలు నా జిరాక్సు షాపులోనే తీయించారు కాబట్టి ఊరందరికంటే ముందు సంతోషించే భాగ్యం నాకు దక్కింది. గాలి సూచీ ముప్పై ఎనిమిది. ఎంత తక్కువైతే అంత స్వచ్ఛమట. కొండమీద కూడా అంత మంచి గాలి దొరకదట.

ఆ ఆఫీసుకీ నా షాపుకీ మధ్య ఒక్క రోడ్డే. షాపు వెనకాల పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ. పొద్దున తెల్లకాగితం బల్లమీద పెడితే సాయంత్రానికి మిషనుతో పనిలేకుండా అదే నల్లబడుతుంది. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. పొగైనా ఆగాలి, మీరైనా ఊరు వదలాలి అన్నారు డాక్టరుగారు. షాపు తప్ప నాకు వేరే ఆధారం లేదు. అందుకని అమ్మాయిని వెంటబెట్టుకుని అర్జీతో వెళ్ళాను.

డైరెక్టరుగారి గదిలో ఏసీ చల్లగా ఉంది. గాలిని కొలిచే మిషను ఆయన కుర్చీ పక్కనే ఉంది.

“ఇది బయట కదా సార్ ఉండాల్సింది?” అన్నాను.

“బయట దుమ్మండీ. పైగా ఆ పొగొకటి. మిషను పాడైపోదూ?”

నిజమే. పిల్లకైతే గ్యారంటీ కార్డు ఉండదు.

“మరి ఊళ్ళో గాలి సంగతి ఎలా తెలుస్తుంది సార్?”

“ఈ గది ఊళ్ళో లేదా?” అన్నారాయన. అంత చదువుకున్న మనిషితో వాదించడానికి నేనెంతవాణ్ణి?

ఇంతలో మేం తెరిచిన తలుపులోంచి పొగ లోపలికి వచ్చింది. మిషను కుయ్యిమంది. ముప్పై ఎనిమిది కాస్తా నూటపది అయింది. డైరెక్టరుగారు ఉలిక్కిపడి, టైము చూసి రాసుకున్నారు. ఆయన శ్రద్ధకి నా కళ్ళు చెమర్చాయి.

“నాన్నా, ఇక్కడ దగ్గు రావట్లేదు. కాసేపు కూర్చుందామా?” అంది అమ్మాయి. అటెండరు మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు.

అర్జీ ఏమైందో కనుక్కుందామని ఇంకో మూడుసార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ మిషను కుయ్యిమంది, ఆయన రాసుకున్నారు.

“సార్ మీ ఫైలు మీదే కూర్చున్నారన్నా. గ్రాఫులు కూడా గీయిస్తున్నారు,” అని అటెండరు ధైర్యం చెప్పాడు.

పదిహేనో రోజున అతనే కవరు పట్టుకుని షాపుకి వచ్చాడు. “కారణం దొరికిందన్నా,” అన్నాడు సంబరంగా.

విప్పి చదివాను. ‘ఈ నెలలో గాలి నాలుగుసార్లు మాత్రమే చెడినది. ఆ నాలుగుసార్లూ అదే నిమిషమున అర్జీదారు కుమార్తె కార్యాలయములో ప్రవేశించినది. ఫ్యాక్టరీవారు ఒక్కసారైనా ఇచట అడుగుపెట్టనందున వారిపై ఆరోపణ నిలువదు. సదరు బాలిక ఏడు రోజులలోగా శ్వాస విడుచుట పూర్తిగా నిలిపివేయవలెను.’

“ఫైలుకి రెండు కాపీలు తీసివ్వన్నా,” అన్నాడు అటెండరు.

నేను జిరాక్సు మిషను దగ్గరికి వెళ్ళి రెండూ తీశాను. షాపులోనే ఉన్న అమ్మాయి అసలు కాగితం అందుకుని కూడబలుక్కుంటూ చదివింది. ముక్కూ నోరూ మూసుకుని నిలబడింది. కాసేపటికి చెయ్యి తీసి, ఆయాసపడుతూ అడిగింది.

“ఇవాళ్టినుంచేనా నాన్నా?”