మంత్రిగారి డ్రైవరు సంయమనం

"ఇకనుంచి ఈ దేశంలో బిడ్డలు ప్రభుత్వం కోరినప్పుడు, దేవుడు ఒప్పుకున్న పద్ధతిలో మాత్రమే పుడతారు" అని కుటుంబ సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. సభ చప్పట్లతో మారుమోగింది. వెనక కారులో కూర్చుని ఉన్న డ్రైవరు కూడా స్టీరింగు వదిలి చప్పట్లు కొట్టాడు.

మంత్రిగారిది దూరదృష్టి. ఆయన నియోజకవర్గంలో సగం మంది కతోలికులు. పోయిన ఎన్నికల ముందు గోడలన్నిటి మీదా మాత్రలు, లూపులు, ఆపరేషన్ల బొమ్మలు వేయించారు. ఊరి చర్చి గురువు ఫాదర్‌గారు ఆదివారం ప్రసంగంలో అవన్నీ శ్రీసభకు, అంటే కతోలిక చర్చికి, సమ్మతం కాదని చెప్పారు. మంత్రిగారు చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచారు. ఈసారి ఆయనే స్వయంగా వెళ్లి, మరేది సమ్మతమో ఫాదర్‌గారిని అడిగారు.

"తగిన కారణం ఉంటే, భార్య శరీరంలో వచ్చే మార్పులు గమనించుకుని, గర్భం వచ్చే రోజుల్లో ఇద్దరూ సంయమనం పాటించవచ్చు" అన్నారు ఫాదర్‌గారు.

"మందు అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

మంత్రిగారు పొంగిపోయారు. పీఏ మాత్రం నీరుగారిపోయాడు. "మందు లేకపోతే టెండరెలా సార్? టెండరు లేని పథకం ఎక్కడైనా ఉందా?" అన్నాడు. చివరికి, ఆ రోజులు తెలిసేలా భార్య ఒంటి వేడి చూసుకోవడానికి ఇంటికో థర్మామీటరు ఇవ్వాలని తేల్చారు. ప్రభుత్వ సాయం ఏదైనా కుటుంబ యజమానికే ఇవ్వాలని రూలు. కాబట్టి థర్మామీటర్లన్నీ మగవాళ్లకు పంచారు. వాళ్లు పొద్దున్నే అరుగుల మీద వరసగా కూర్చుని నోట్లో పెట్టుకున్నారు.

"నాకు రోజూ ఒకేలా ఉంటోంది సార్. నేను గర్భం రాని బాపతేనా?" అని ఓ పెద్దాయన అడిగాడు.

"నూటికి నూరుపాళ్లు" అన్నాడు పీఏ.

ప్రారంభోత్సవానికి రమ్మంటే ఫాదర్‌గారు ఒక షరతు పెట్టారు. ఈ పద్ధతిలో బతుకుతున్న నిజమైన జంటను ఒక్కదాన్ని చూపిస్తేనే వస్తానన్నారు. పీఏ ఊరంతా గాలించాడు. దొరికిన ప్రతి జంట వెనకా అరడజను మంది పిల్లలు నడిచివస్తున్నారు. ఆఖరికి కారు డోరు తీస్తున్న డ్రైవరు మీద చూపు పడింది. కతోలికుడు. పెళ్లయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు.

"ఒరే, నువ్వు ఆదర్శ దంపతివిరా!" అన్నాడు పీఏ.

డ్రైవరు సొంతూళ్లో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"మనం ఆదర్శమా?" అందావిడ. "మీ మొహం చూసి ఎన్నాళ్లయిందో గుర్తుందా? పాప మిమ్మల్ని ఫోన్ నాన్న అంటోంది."

"నువ్వు రా చాలు. స్టేజీ మీద మంత్రిగారు నన్ను మెచ్చుకుంటారు. అదే అదనుగా మనూరికి ట్రాన్స్‌ఫర్ అడిగేస్తా."

"మీరా? మీరు హారన్ కొట్టడానికే మొహమాటపడతారు. నేనే అడుగుతా. నాకు రెండో బిడ్డ కావాలండీ. దేవుడిద్దామన్నా మీ మంత్రిగారు పడనివ్వట్లేదాయె!"

సభ రోజున డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్య పక్కన నిలబడ్డాడు. ఇవాళ అడగకపోతే మళ్లీ ఎన్నికలయ్యేదాకా అడగలేడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "మాత్రలు వాడావా?"

"లేదు సార్."

"లూపు?"

"లేదు సార్."

"ఆపరేషన్?"

"లేదు సార్."

లేదన్న ప్రతిసారీ చప్పట్లు పెరిగాయి. "మరెలా సాధించావు? ఆ రహస్యం జనానికి చెప్పు నాయనా!"

డ్రైవరు నోరు తెరిచాడు. భార్య మైకు లాక్కుంది.

"పగలు మీ కారు నడుపుతారండీ. రాత్రి మీ గేటు దగ్గర పడుకుంటారు. సెలవడిగితే వచ్చే నెల చూద్దామంటారు మీరు. అదేనండీ మా పద్ధతి. ఈయన్ని మా ఊరికి ట్రాన్స్‌ఫర్ చేయండి."

ఫాదర్‌గారు లేచారు.

"మంత్రిగారూ, సంయమనమంటే భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉండి, మాట్లాడుకుని పాటించేది. బిడ్డ దేవుడిచ్చే వరం. ముందు ఇతన్ని ఇంటికి పంపండి."

వేరేవాళ్లయితే కోపగించుకునేవారే. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

"విన్నారా! ఖర్చు లేదు, మందు లేదు, పాపమంతకన్నా లేదు! ఇలాంటి రత్నాన్ని ఇంట్లో కూర్చోబెట్టనా? ఇతన్ని ఈ పథకానికి ప్రచార రాయబారిగా నియమిస్తున్నాను. రేపట్నుంచి ఉత్తర జిల్లాలన్నీ తిరుగుతాడు!"

"మరి నేనండీ?" అంది భార్య.

"నిన్ను మరిచిపోతానా తల్లీ? నువ్వూ రాయబారివే. నీకు దక్షిణ జిల్లాలు!"

చప్పట్లు మిన్నంటాయి. డ్రైవరు భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చి "ఇద్దరూ కాస్త దగ్గరికి జరగండి" అన్నాడు.

"వద్దొద్దు, పథకానికి చెడ్డపేరు" అంటూ పీఏ ఆ చేతులు విడదీసి, మధ్యలో మంత్రిగారిని నిలబెట్టాడు.