రెడ్డెప్ప బావిలో నాచు వయసు

తొంభై ఎనిమిది వేసవి మొదట్లో ఒక ఉదయం, పుంగనూరు రెడ్డెప్ప తన బావిలో పూడిక తీయించాలనుకున్నాడు. పూడిక తీస్తే ఊట పెరుగుతుంది, ఊట పెరిగితే టమోటా తోట బతుకుతుంది. అంతకుమించి అతనికి లోకంతో పేచీ లేదు. కానీ నాలుగు గంపల బురద పైకొచ్చిందో లేదో, నాచు చుట్టుకున్న కడవ ఒకటి బయటపడింది. ఆ సమయానికి గట్టు మీద చరిత్ర లెక్చరర్ సుబ్రహ్మణ్యం గారు నిలబడి ఉండటం రెడ్డెప్ప ఖర్మ.

సుబ్రహ్మణ్యం గారికి పాతవంటే ప్రాణం. కడవ మీది నాచును కొంత పొట్లం కట్టి, ఎక్కడో దూరాన ఉన్న ప్రయోగశాలకు పంపారు. "సచ్చిన మొక్కలో మిగిలిన కార్బన్ సూసి, అది ఎన్నేండ్ల కిందటిదో సెప్తారప్పా. అందాకా బావి ముట్టుకోవద్దు," అన్నారు.

కొన్నాళ్లకు బజారులో అమ్జద్ నడిపే ఎస్టీడీ బూత్‌కు ప్రయోగశాల నుంచి ఫోనొచ్చింది. మూడు వేల ఏళ్లు! సుబ్రహ్మణ్యం గారు రిసీవర్ పెట్టకముందే అమ్జద్ బజారంతా చాటేశాడు. సాయంత్రానికి కౌన్సిలర్ మునిస్వామి బావి చుట్టూ ముళ్లకంచె వేయించి, ఊరి మొదట్లో స్వాగత తోరణానికి కొలతలు కూడా తీయించాడు.

"ఇంగ మదనపల్లోళ్లు మన ముందర నోరెత్తేదానికి ల్యా!" అన్నాడు.

"ఆ కడవ నాదప్పా. కొత్త కోడలుగా ఉన్నెబ్బుడు సెయ్యి జారి పడిపాయ," అంది రెడ్డెప్ప తల్లి తులసమ్మ.

"నీకు మూడువేలేండ్లు ల్యా గదమ్మా! ఊరుకో," అన్నాడు మునిస్వామి.

"మరి నా టమోటా యాడ తడపాలప్పా?" అన్నాడు రెడ్డెప్ప.

"ఊరి పేరు పైకొస్తాంటే టమోటా అంటాడే ఈయప్ప!"

అంతటితో మునిస్వామికి తృప్తి కలగలేదు. "సార్, ఇంగొక పరీక్ష సేయించండి. ఇంగో వెయ్యేండ్లు పడొచ్చు," అన్నాడు. ఇంట్లో దాచిన మిగతా నాచును లెక్చరర్ గారి భార్య శారదమ్మ ఏనాడో మల్లెకుండీకి ఎరువుగా వేసేసింది. ఆ మాట చెప్పడానికి నామోషీ. అందుకని ఆయన గుట్టుగా బావిలో దిగి, పచ్చటి నాచు పీకి, మిద్దె మీద ఎండబెట్టి పంపారు. అదే బావి, అదే నాచు, ఎవరికి తెలుస్తుందనుకున్నారు. ఈలోగా రెడ్డెప్ప పక్క తోట నుంచి డ్రమ్ములతో నీళ్లు తోలుతూ, వాడిపోతున్న మొక్కల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మళ్లీ ఫోనొచ్చింది. మళ్లీ మూడు వేలే!

"అది మొన్న పీకిన పచ్చి నాచు సార్!" లెక్చరర్ గారి నోటి నుంచి నిజం జారిపోయింది.

"మీ నేలలో సున్నపురాయి ఉందా?" అన్నాడు అవతలి శాస్త్రవేత్త. "దాన్లో కార్బన్ ఏ కాలంనాటిదో. అది నీళ్లలో కరుగుతుంది, నీళ్లలో మునిగి పెరిగే మొక్క దాన్నే తింటుంది. అందుకే బతికుండగానే ముసలిదని లెక్క తేలుతుంది. గట్టు మీద పెరిగిన మొక్క దొరికుంటే నమ్మొచ్చు. నీటిమొక్కను నమ్మితే ఇంతే."

అమ్జద్ చెవికి ఇటువైపు మాటలే వినబడ్డాయి. పచ్చి నాచు, మూడు వేల ఏళ్లు! ఆ బావి నీళ్లలో నాచు మూడు వేల ఏళ్లుగా చావకుండా బతుకుతోందని మళ్లీ చాటేశాడు. తెల్లారేసరికి కుప్పం నుంచి, వెంకటగిరికోట నుంచి కూడా జనం బిందెలతో దిగారు. కంచె కంటికి కనిపించకుండా పోయింది. సుబ్రహ్మణ్యం గారు గట్టెక్కి సున్నపురాయి సంగతి గొంతు పోయేలా చెప్పారు.

"ఆ సున్నం తిని నాచే అన్నేండ్లు బతికితే, మా ఆయన బతకడా సార్?" అందొక ఇల్లాలు.

నీళ్లయిపోయాక మోకాళ్ల నొప్పులకని బురద తోడుకున్నారు. ఆఖరి తట్ట మునిస్వామే ఎత్తుకుపోయాడు. అడుగున రాయి తేలింది, ఊట బుసబుసా పైకొచ్చింది. రెడ్డెప్ప మోటారు వేసి, కాలవలో నీళ్లు పారుతుంటే టమోటా సాళ్ల మధ్య ఆనందంతో చతికిలబడ్డాడు.

పుంగనూరులో చారిత్రక పరిశోధన వల్ల ఒక రైతు బాగుపడటం అదే మొదలు.