నాలుగో నంబరు సూపు

సూపు పొడుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్న నాలుకయ్యను ఆ రోజు ఒక సందేహం పెందలాడే నిద్ర లేపింది. ఆయనకు అసలు పేరు వేరే ఉంది గానీ, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. సందేహం పెట్టింది కూతురు. ముందురోజు టమాటా సూపు ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివి, "నాన్నా, ఇందులో పదహారు పేర్లున్నాయి. టమాటా పదకొండోది. ముందున్న పదిమందీ ఎవరు?" అని అడిగింది.

ఆ పదిమందితోనూ నాలుకయ్యకు అంతకాలం పరిచయం. ఫ్యాక్టరీ నెలనెలా ఊరికే ఇచ్చే ప్యాకెట్లతోనే ఇంట్లో సగం వంట గడిచిపోతోంది. తోడెవరూ లేకుండా టమాటా ఒక్కటే ఎలా ఉంటుందో ఇక చూసి తీరాలనిపించింది. నాలుగు పండ్లు, ఒక ఉల్లిపాయ, నాలుగు మిరియపు గింజలు ముందేసుకుని పొయ్యి వెలిగించాడు.

"పొద్దున్నే ఏంటండీ ఈ వేషం?" అంది భార్య, గుమ్మంలోంచే.

"పరిశోధన."

"చేస్కోండి. వంటిల్లు మాత్రం మళ్ళీ ఎట్లా ఉన్నది అట్లా నాకు అప్పజెప్పండి."

సూపు ఉడికింది. చెంచా నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. రుచి చూసేవాళ్ళు పనిరోజున పరీక్ష ముగిసేదాకా నాలుక మీద ఏదీ వేసుకోకూడదని నియమం. మధ్యాహ్నం తాగవచ్చులే అని ఫ్యాక్టరీ వాళ్ళే ఇచ్చిన స్టీలు ఫ్లాస్కులో పోశాడు. గిన్నెకైనా సీసాకైనా తెల్ల చీటీ అంటించి నంబరు వేయనిదే ఆయన చెయ్యి ఊరుకోదు. వాడినవి నాలుగు టమాటాలు కదా అని "4" వేశాడు. కొంప మునిగింది అక్కడే.

ఫ్యాక్టరీలో ఆ రోజు పరీక్షకు వచ్చిన కొత్తరకం సూపుల్లో అందరి ఆశలూ నాలుగో నంబరు మీదే ఉన్నాయి. పొడులు కలిపే ఆవిడ మూడు నెలలు కష్టపడి తయారుచేసింది దాన్ని. అది పోతే తన ఉద్యోగమూ పోతుందని మేనేజరు ముందే చెప్పేశాడు. నాలుకయ్య సంచీనీ, అందులోంచి తీసిన ఫ్లాస్కునూ పరీక్ష సూపుల ట్రాలీ మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ట్రాలీ తోసే ఆయన వచ్చి చూస్తే ఒకేలాంటి ఫ్లాస్కులు, రెండు నాలుగులు! ఒకటి ఎక్కువైందనుకుని, చేతికందినదాన్ని నాలుకయ్య సంచీలో సర్ది, రెండోదాన్ని లోపలికి తోసుకుపోయాడు.

రుచిగదిలో మాటలు నిషిద్ధం. రంగు చూసి మోసపోకుండా ఎర్రదీపం వెలుగుతుంటుంది. నాలుకయ్య నాలుగో నంబరును నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు. "టమాటా రుచి లేదు. ఏదో పచ్చివాసన. పనికిరాదు" అని రాసి పదికి రెండు మార్కులు వేశాడు. రుచి చూసే మిగతా నలుగురూ ఆయనకు శిష్యులే కాబట్టి ఇంచుమించు అంతే వేశారు. పావుగంటలో ఆ రకం కోసం పెట్టిన కొత్త యంత్రం ఆగిపోయింది. అరగంటలో నాలుగో రకం పొడి బస్తాలన్నీ పారబోయడానికి లారీ ఎక్కసాగాయి.

మధ్యాహ్నం నాలుకయ్య తన సంచీలోని ఫ్లాస్కు మూత తీశాడు. ఒక్క గుక్కకే కళ్ళు మూతలు పడ్డాయి.

"ఆహా! ఇదీ టమాటా అంటే! చెట్టు మీంచి తిన్నగా గొంతులోకి దిగినట్టుంది. ఇన్నాళ్ళూ మనం ఏం తాగుతున్నామయ్యా?"

శిష్యులు తలా ఒక చెంచా తాగి లొట్టలు వేశారు. ఇద్దరైతే అక్కడికక్కడే తమ ఉచిత ప్యాకెట్లు స్టోరులో తిరిగి ఇచ్చేసి వచ్చారు. సొంత ఫ్యాక్టరీలోనే ప్యాకెట్లకు వ్యతిరేకంగా ప్రచారం జరుగుతోందన్న కబురు మేనేజరు చెవిన పడింది, నాలుకయ్యకు పిలుపు వచ్చింది.

వెళ్ళబోతూ ఆగాడు. పొడులు కలిపే ఆవిడ ఓ మూల తలదించుకుని కూర్చుని ఉంది. రెండు మార్కులు వేసిన చెయ్యి కదా, మనసు చివుక్కుమంది. "కాస్త తాగమ్మా, ఇంట్లో కాచాను" అని కప్పు అందించాడు.

ఆవిడ తాగింది. మరో గుక్క తాగింది. తలెత్తి చూసింది.

"అన్నా, ఇది నాదే."

"ఏది నీది?"

"ఈ సూపు. నా నాలుగో నంబరు. నేను చేసింది నాకు తెలీదా?"

అంటే ఫ్లాస్కులు మారాయి, పొద్దున నాలుకయ్య రెండు మార్కులు వేసింది తన సూపుకే! ఆవిడ చేసింది ఆవిడకు ఒక్క గుక్కలో తెలిసింది. తాను కాచింది తన నాలుకకే తెలియలేదు! బయటపెడితే పంతొమ్మిదేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఊరుకుంటే ఈవిడ రోడ్డున పడుతుంది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోతుండగా మేనేజరు గదికి వెళ్ళి, తెల్ల చీటీ దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు.

మేనేజరు ఉన్నట్టుండి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

"అంటే మన పొడి తాగి ఇంట్లో కాచిన సూపనుకున్నావా? నువ్వు? ఇంకేం కావాలయ్యా మనకి! ఆ లారీని ఆపమనండి! ఆవిడని ఎక్కడికీ పోనీకండి!"

నాలుకయ్య ఊపిరి పీల్చుకుని గుమ్మం దాటబోతుంటే మేనేజరు వెనక్కి పిలిచి తలుపు వేశాడు. బల్ల కింద నుంచి ఒక ఫ్లాస్కు తీశాడు. పొద్దున రెండు మార్కులు తెచ్చుకున్న ఫ్లాస్కు. ఖాళీగా ఉంది.

"ఎందుకు తప్పిందో చూద్దామని తాగాను. మొదట వింతగా ఉంది. తర్వాత మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ తర్వాత చూస్తే అయిపోయింది." గొంతు బాగా తగ్గించాడు. "ఎలా కాచావో రాసివ్వు. మా ఇంట్లోనూ ఎప్పుడూ ప్యాకెట్లే. ఎవరికీ అనకేం."

సాయంత్రం కూరగాయల కొట్టుకు వెళ్ళాడు నాలుకయ్య, ఈసారి మార్కులు వేయకుండా తాగి చూద్దామని. పొడులు కలిపే ఆవిడ అప్పటికే అక్కడ టమాటాలు ఏరుకుంటోంది. శిష్యులు నలుగురూ ఒకరికొకరు కనబడకుండా ఉల్లిపాయల బస్తాల చాటున నిలబడి ఉన్నారు.

నాలుగో నంబరు సూపు ఆ నెలలోనే బజారులోకి వచ్చి, తయారుచేసినవాళ్ళ ఇళ్ళలో తప్ప అన్ని ఇళ్ళలోనూ మంచి పేరు తెచ్చుకుంది.