ఉత్తుత్తి గుడ్లు

ఆ ఉదయం కోడలి ఏర్పాట్లన్నీ పక్కాగా ఉన్నాయి. గుడ్లు పొదిగే పెట్టెల్లో వేడిని ఒకే తీరుగా నిలిపే థర్మోస్టాట్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఆమెది. సముద్రం అవతలి నుంచి మొదటి కొనుగోలుదారు వస్తున్నాడు. మీటింగు గది మూల, బల్లకి ఆనుకుని ఉన్న గుడ్డ కప్పిన పెట్టెలో మూడు వారాల కిందటే చూపించడానికి పింగాణీ గుడ్లు పెట్టించింది. గుడ్డ తీసి, స్విచ్చి వేసి, దీపం వెలగగానే ఒప్పందం కాగితాలు అతిథి ముందుకు జరపాలని ఆలోచన.

అతిథి ఇంకా కుర్చీలో సర్దుకోలేదు, మూల నుంచి కీచుమని చప్పుడు.

"వదినా, మన థర్మోస్టాటే కొట్టుకుంటున్నట్టుంది," అన్నాడు మరిది గుసగుసగా. ఆమె చటుక్కున అతిథివైపు తిరిగింది.

"ఏం లేదండీ, ఫ్యాను పాతది," అని నవ్వేసింది.

అతిథి మర్యాదగా ఫ్యాను ఆపమన్నాడు. ఆపారు. చప్పుడు ఇంకా బాగా వినిపించింది.

అంతలో మావయ్య తలుపు తోసుకొచ్చాడు. "అమ్మాయ్! పిల్లలు పుట్టేశాయి! పొద్దున చూస్తే ఆరు. ఇంకో నాలుగు రావాలి!"

అతిథి వెంట వచ్చిన దుబాసీ తెలుగు నేర్చింది పుస్తకాల్లో. "ఈ పెద్దాయనకు ఆరుగురు పిల్లలు పుట్టారట. ఇంకో నలుగురు దారిలో ఉన్నారట," అని చెప్పాడు.

అతిథి ఆ తెల్లమీసాలకేసి ఓసారి చూసి, లేచి, భక్తిగా చేయి కలిపాడు.

"నాదేముంది బాబూ, అంతా యంత్రం మహిమే!" అన్నాడు మావయ్య.

దుబాసీ అదీ చెప్పాడు. అతిథి థర్మోస్టాట్ కరపత్రాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవసాగాడు.

ఇక లాభం లేదని మరిది పెట్టె తెరిచాడు. పసుపు ఉండల్లా కోడిపిల్లలు బల్లమీదికి దూకాయి.

"ఇదేం పని మావయ్యగారూ!" కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన వస్తువు ముందు ఉత్తుత్తి గుడ్లు పెడితే నాకు నామోషీ కాదూ? నువ్వు పెట్టించిన రోజే వాటిని తీసేసి, అసలువి పెట్టి స్విచ్చి వేశాను. రోజూ వచ్చి గుడ్లు తిప్పానంతే. వేడి మాత్రం ముట్టుకోలేదు. దాన్ని నీ థర్మోస్టాటే చూసుకుంది."

ఈసారి దుబాసీ ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు. అతిథి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చివరి గుడ్డు అప్పుడే చిట్లుతోంది.

"మధ్యలో ఎవరూ వేడి సర్దలేదా?"

"లేదు," అన్నాడు మావయ్య, ఛాతీ విరుచుకుని.

"మీరు పంపిన పరీక్ష కాగితాలు నేను నమ్మలేదు. కుదరదని ముఖం మీదే చెప్పి పోదామనే వచ్చాను," అన్నాడు అతిథి. "అనుకున్నదానికి రెట్టింపు సరుకు పంపగలరా?"

క్షమాపణ చెప్పబోతున్న కోడలు ఆ మాట మింగేసింది. మావయ్యకేసి చూసింది, ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. తల ఎత్తి, "పంపుతామండీ. ప్రతిదీ ఇలాగే పనిచేస్తుంది," అంది.

సంతకాలు అప్పుడే అయిపోయేవి గానీ, బల్లమీద తిరుగుతున్న కోడిపిల్ల ఒకటి ఒప్పందం రెండో పేజీ మీద రెట్ట వేయడంతో దాన్ని మళ్ళీ ప్రింటు తీయాల్సి వచ్చింది.