ఎరువు గుంతలో హాతీరాం

ఆ సోమవారం పొద్దున్నే హాతీరాం ఆఫీసుకు సెలవు పెట్టాడు. భద్రాచలంలో కొనుక్కొచ్చిన పుస్తకమొకటి ఆదివారమంతా చదివి లేచాడు మరి. చుట్టుపక్కల పండిందే తినాలని, ఇంటి చెత్తను పెరట్లోనే ఎరువు చేసుకోవాలని అందులో ఉంది. అంతా ఒక్క పూటలో చేసెయ్యమని మాత్రం ఎక్కడా లేదు.

"చాయ్ బంద్, చక్కెర బంద్. ఇయ్యాల్టి సంది జొన్నరొట్టె, ఆకుకూరే," అన్నాడు భార్య ద్వాలితో.

"చాయ్ లేకుంటే నాకు తలకాయ నొస్తది."

"అలవాటైతది."

"అలవాటయ్యేదాక మా అక్క ఇంట్ల ఉంట," అని ఆమె మూతి ముడుచుకుని బూర్గంపాడు బజారు వైపు వెళ్లిపోయింది.

హాతీరాం చాయ్‌పత్తి, చక్కెర, బిస్కెట్లు సంచిలో వేసి పక్కింటి ప్రమీలకిచ్చాడు. "నువ్వే వాడుకో చెల్లె. నాకిగ వీటితోని పనిలేదు."

"ఏందన్నా గట్లంటవ్?"

"తిన్నకాడికి చాలు. ఉన్నన్ని రోజులన్న మట్టికి దగ్గరగ ఉందామనుకున్న."

హాతీరాంకు ఏదో పెద్ద రోగమే వచ్చిందనుకుంది ప్రమీల. ఇందాక తన గుమ్మం ముందు నుంచి పోయిన ద్వాలి మొహం అలా ఎందుకుందో ఇప్పుడర్థమైంది. కొత్త సెల్‌ఫోన్ తీసి, పామాయిల్ గెలల లారీ నడిపే భర్త నాగరాజుకు చెప్పింది. "హాతీరామన్నకు డాక్టర్లు చాయ్ గూడ బంద్ జేసిన్రట!" నాగరాజు అశ్వారావుపేట తోటలో ఉన్న హాతీరాం అన్న కోటేష్‌కు చేరవేసేసరికి చాయ్ మాట జారిపోయి, డాక్టర్లు చేతులెత్తేశారన్నది మిగిలింది.

అన్నదమ్ములకు మాటల్లేక చాలాకాలమైంది. తండాలో వాళ్ల పొలాల మధ్య ఉన్న చింతచెట్టు నాదంటే నాదని పట్టుబట్టి విడిపోయారు. ఆ కబురు చెవిన పడగానే కోటేష్ చేతిలో పని అక్కడే పడేశాడు. కిరాయి జీపు మాట్లాడుకుని, దారిలో తల్లి బాలిని ఎక్కించుకుని వచ్చాడు.

అప్పటికి హాతీరాం పెరట్లో నడుంలోతు గుంతలో ఉన్నాడు. ఎరువు గుంత మనిషంత పొడవుండాలట. ఒళ్లంతా మట్టి. రొట్టె చెయ్యడం చేతగాక పొద్దుట్నుంచీ ఏమీ తినలేదేమో, కళ్లు పీక్కుపోయాయి.

"తమ్ముడా! నీ గుంత నువ్వే తవ్వుకుంటున్నవారా!" కోటేష్ గుంతలోకి దూకి వాటేసుకున్నాడు. ఒడ్డున బాలి శోకం అందుకుంది. "చింతచెట్టు నీదేరా! మొత్తం నువ్వే తీస్కో!" అన్నాడు కోటేష్ ఏడుస్తూ.

హాతీరాంకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అన్న అంత దగ్గరికి వచ్చి ఎన్నాళ్లయిందో. భుజం మీద తల పెట్టి తనూ ఏడ్చేశాడు. దాంతో ఎవరికీ ఇంక అనుమానం లేకపోయింది.

అక్క ఇంట్లో చాయ్‌తోపాటు మధ్యాహ్నం భోజనం కూడా కానిచ్చిన ద్వాలి సరిగ్గా అప్పుడే వచ్చింది. "ఏమైంది అత్తా?"

"నీ మొగుడు పోతుండు బిడ్డా!"

"యాడికి? సెలవు ఒక్కరోజే పెట్టిండు గద!"

సంగతి తేలడానికి చాలాసేపు పట్టింది. ప్రమీల తలొంచుకుని అందరికీ చాయ్ తెచ్చింది. మొదటి గ్లాసు హాతీరామే అందుకున్నాడు.

కోటేష్ మాత్రం గుంతలోనే నిలబడి ఆలోచిస్తున్నాడు.

"బావా, చెట్టు మాట..." అంది ద్వాలి మెల్లగా.

"సచ్చేటోనికైతే చెట్టంతా ఇస్తనన్న," అంటూ కోటేష్ గుంతలోంచి ఎక్కొచ్చి తమ్ముడి వీపు మీద ఒకటి చరిచాడు. "బతికేటోనికి సగమే!"

హాతీరాం ఆ సగానికే బతకడానికి ఒప్పుకున్నాడు.