భుజాలకు రాసుకున్న ధైర్యం

లిఫ్టుల కంపెనీలో ఆ మెకానిక్‌ను అందరూ సరేసార్ అనే పిలిచేవారు. ఎవరేమన్నా అతని నోటివెంట వచ్చే మాట అదొక్కటే. ఆ ఉదయం మాత్రం అద్దం ముందు నిలబడి, రెండు భుజాలకూ జెల్ దట్టంగా పట్టిస్తూ, సూపర్‌వైజర్ పోస్టు ఇవాళ అడిగి తీరాలని నిశ్చయించుకున్నాడు.

జెల్ ఆసుపత్రివాళ్లది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు మగ హార్మోను జెల్ రాసుకుంటే రక్తంలో దాని మోతాదు ఎంత పెరుగుతుందో చూస్తామంటే, మనవాడు ఎగిరి గంతేసి చేరాడు. వాళ్లకు కావలసింది రక్తం, ఇతనికి కావలసింది గుండె.

"అది ఇంకెవరికీ తగలకూడదన్నారు, జాగ్రత్త," అంది భార్య.

"పై అరలోనే పెట్టాగా," అన్నాడు.

నిజమే, పై అరలోనే పెట్టాడు. బావమరిది తలకు రాసుకునే జెల్ కూడా అక్కడే ఉంటుంది. ఒకటి ఆసుపత్రిది, ఒకటి సెలూన్‌లో విడిగా నింపి ఇచ్చింది, రెండూ పేరులేని తెల్ల ట్యూబులే. ఆ బావమరిది ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చి, అక్క చేతి భోజనం అలవాటయ్యాక వెతకడం మానేసిన మనిషి.

ఆఫీసులో మేనేజర్ అందర్నీ నిలబెట్టాడు. "నిన్న ఆ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆపేసి జనాన్ని మెట్లెక్కించింది ఎవరు?"

సరిగ్గా అప్పుడే జెల్ ఎండి, చొక్కా అట్టలా భుజాలకు అతుక్కుంది. దాన్ని విడిపించుకోవడానికి సరేసార్ రెండు చేతులూ భుజాల మీదికి పోనిచ్చాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, దొరికాడు సార్," అన్నాడు గుమాస్తా.

గది గొల్లుమంది. ఆపింది అతనే, నోరు మెదపకూడదనుకున్నదీ అతనే. కానీ ఒంట్లో హార్మోను ఉరకలేస్తోందన్న నమ్మకం ముందుకు తోసింది.

"నేనే ఆపాను సార్. లిఫ్టును లాగే ఇనుప రోపు పోగులు తెగుతున్నాయని ఎన్నిసార్లు చెప్పాను? కొత్తది వేసేదాకా నడపను. ఇంకోమాట, సూపర్‌వైజర్ పోస్టు నాకే ఇవ్వండి."

మేనేజర్ బల్ల గుద్దాడు. "ఇంజనీరును పంపిస్తాను. రోపు బాగుందన్నాడో, ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది."

"పంపించండి," అని కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ ఊపు తగ్గలేదు. "ఏంటో బావా, ఈమధ్య నా జుట్టు నిలబడటంలేదు," అని బావమరిది వాపోతే, "మగాడికి నిలబడాల్సింది జుట్టు కాదురా, మాట," అన్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు సర్దుకుంది. "మీ హార్మోను పిసరంతైనా పెరగలేదు. అసలు రాసుకుంటున్నారా?"

అతను సంచిలోంచి ట్యూబు తీసిచ్చాడు. నర్సు వాసన చూసి, "ఇది తలకు రాసుకునేది మేడమ్," అంది.

సరేసార్ ఆ ట్యూబును తిప్పితిప్పి చూశాడు. అంటే నిన్న అంత మాట అన్నది ఎవరు? వెంటనే మేనేజర్ ఫోన్.

"రోపు నిజంగానే పాడైందట. మార్పిస్తున్నాలే. కానీ పోయిన నెల చూసినప్పుడు బాగానే ఉందని ఫ్లాట్ల ఓనర్లకు నువ్వు చెప్పాలి. చెప్పావంటే పోస్టు నీదే."

నాలుక చివరిదాకా పాత మాట వచ్చింది. భుజాల మీద ఏ మందూ లేదు. ఆ లిఫ్టులో ఎక్కి దిగే ముసలివాళ్లు, బడిపిల్లలు కళ్లముందు మెదిలారు.

"అబద్ధం చెప్పను సార్. పోస్టు మీ ఇష్టం."

"ఇంత మొండివాణ్ణి బయట ఉంచడం కంటే సూపర్‌వైజర్‌ని చేయడమే నయం. సోమవారం నుంచి కూర్చో," అని మేనేజర్ ఫోన్ పెట్టేశాడు. సంతోషంతో అతని కళ్లు చెమర్చాయి.

ఇక బావమరిదిని పిలిపించి రక్తం తీశారు. హార్మోను నాలుగింతలు.

"భయంలేదు. బయటినుంచి వచ్చిపడుతుంటే ఒళ్లు తనంతట తాను తయారుచేయడం తగ్గిస్తుంది. ఆపేస్తే మెల్లగా మళ్లీ మొదలుపెడుతుంది," అంది డాక్టరమ్మ.

"మావాడు ఉద్యోగం విషయంలోనూ అంతేనండీ. మళ్లీ మొదలుపెడతాడనే నమ్మకం మాత్రం లేదు," అన్నాడు కొత్త సూపర్‌వైజర్.

ఒంట్లో నాలుగింతల మగతనం పెట్టుకున్న ఆ బావమరిది, ఈ సంగతి అక్కకు చెప్పే ధైర్యం చాలక, బావనే ముందు నడవమన్నాడు.