తోకకు కట్టిన బస్తాలు

ఆ ఉదయం దేవదానం వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య యేసమ్మను మొదటి బస్సుకే మండవల్లి అవతల ఆవిడ పుట్టిన కొల్లేటి లంకకు తీసుకెళ్ళాలి. తీసుకెళ్తానని అతను పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు, ఆవిడ సంచి సర్దుతూనే ఉంది. ఈసారి బస్సుకంటే ముందు తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద విమానం దిగింది.

కొల్లేరు ఫోటోలు తీయడానికి వచ్చిన చిన్న విమానం అది. ముందు చక్రంలో గాలి పోయింది. యుద్ధకాలం నాటి ఆ రన్‌వే మీద ధాన్యం ఆరబోసుకోవడం, మోటారు సైకిలు నేర్చుకోవడం తప్ప ఈ మధ్య ఎవరూ ఏమీ ఎరగరు. దాని పక్కనే పంక్చరు షాపు పెట్టుకున్న దేవదానానికి మాత్రం చిన్నప్పటి నుంచీ ఒకటే ఆశ. ఒక్కసారి విమానం ఎక్కాలి. ఆకాశంలో మోత వినిపిస్తే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి బయటికొస్తాడు.

"పంక్చరు వేసిపెట్టండీ, కొల్లేరు మీద ఒక రౌండు తిప్పుతాను" అన్నాడు పైలట్ అనిల్ కుమార్.

యేసమ్మ సంచి కింద పెట్టేసింది.

దేవదానం లారీ జాకీతో పరుగెత్తాడు. పైలట్ అడ్డుపడ్డాడు.

"ఇది లారీ కాదండీ. మొదట వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాలి. తోకకి బరువు కట్టి ముక్కు పైకి లేపాక, అప్పుడు జాకీ. దించేదాకా లోపలికి ఎవరూ ఎక్కకూడదు. తోక బరువు తగ్గిందంటే ముక్కు నేలకి కొట్టుకుంటుంది. ముక్కు మీది ఫ్యాను వంగితే ఇంక ఎగిరేది లేదు."

బరువు పక్కనే ఉంది. రైతు పట్టాభిరామయ్య గారి ధాన్యం సగం బస్తాలకెత్తారు, సగం ఇంకా ఆరుతోంది. దేవదానం రెండు బస్తాలు తెచ్చి తోక కింది రింగుకు కట్టాడు. అడగలేదు. రన్‌వే మీద ఒకరి పరదాలు, పారలు ఇంకొకరు అడగకుండా వాడుకోవడం మామూలే. ముక్కు లేచింది, జాకీ పెట్టాక చక్రం ఊడివచ్చింది. పైలట్ సెల్లుకు సిగ్నల్ వెతుక్కుంటూ రోడ్డు వైపు వెళ్ళాడు.

అప్పుడే పట్టాభిరామయ్య గారు హమాలీలతో, లారీతో వచ్చారు.

"ఎక్కడికండీ దేవదానం గారూ ఈ విమానం?"

దేవదానం మనసు అప్పటికే మేఘాల్లో ఉంది. "కొల్లేరు మీదికండీ. ఈ పనైపోతే ఎగరడమే."

పట్టాభిరామయ్య గారి చూపు తోక మీద పడింది. "అంటే నా ధాన్యం కైకలూరు చేపలకి మేతగా తోలేస్తున్నారా?"

"అయ్యో, బరువు కోసమండీ."

"బరువు చూసే కదండీ ఎవరైనా కొనేది." హమాలీలకు సైగ చేశారు.

ఒక బస్తా విప్పారు. ముక్కు ఊగింది, జాకీ కిర్రుమంది. దేవదానం చేతిలోని ట్యూబు విసిరేసి వచ్చి తోక తాడు నడుముకు చుట్టుకుని చతికిలబడ్డాడు. రెండో బస్తా కూడా పోయింది. ముక్కు అంగుళం కదల్లేదు. డాక్టరు తగ్గించమన్న ఒళ్ళంతా ఆ పూట అక్కరకొచ్చింది.

"యేసమ్మా, నేను లేస్తే విమానం పడిపోతుంది. ఆ ట్యూబు సంగతి నువ్వే చూడు."

"బస్సెళ్ళిపోయిందండీ" అంది ఆవిడ. చీర కొంగు దోపుకుని కూర్చుని, షాపులో రోజూ వేసినట్టే పంక్చరు వేసింది. చక్రం బిగించి, జాకీ దించింది.

పైలట్ తిరిగొచ్చి తాడు వైపు, దేవదానం వైపు, రన్‌వే మీది ధాన్యం వైపు చూశాడు.

"ఆ ధాన్యం ఇప్పుడు తీయడం కుదురుతుందాండీ?"

"ఇంకా ఆరలేదండీ. సాయంత్రానికి" అన్నారు పట్టాభిరామయ్య గారు.

"అయితే పరుగుకి చోటు తక్కువ. రెండు బస్తాల పని ఒక్కరే చేసినవారిని ఎక్కించుకుంటే లేవదండీ. అమ్మగారైతే లేస్తుంది."

"నాకెందుకండీ, ఆశ ఆయనది" అంది యేసమ్మ.

దేవదానం లేచి తోక రింగు నుంచి తాడు విప్పాడు. "వెళ్ళిరా. మీ లంక కనిపిస్తుందేమో."

ఆవిడ సంచి కూడా తీసుకుని ఎక్కింది.

విమానం లేచి కొల్లేరు వైపు తిరిగింది. నడుముకు తాడుతోనే దేవదానం చూస్తూ నిలబడ్డాడు. అంత దగ్గరగా వచ్చిన ఆకాశం మళ్ళీ వెళ్ళిపోతుంటే ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పట్టాభిరామయ్య గారు ఒక బస్తా జరిపి, "కూర్చోండీ" అన్నారు.

దిగి వచ్చిన యేసమ్మ కళ్ళు తడిగా ఉన్నాయి. "మా లంక కనిపించిందండీ. చర్చి, రేవు, నాన్న దోనె కట్టే రాట. అన్నీ నీళ్ళ మధ్య ఉన్నాయి."

"మరి నేను?"

"కనిపించారండీ. అంత ఎత్తు నుంచి చూస్తే సన్నగానే ఉన్నారు."